వైకుంఠపాళి నుంచి తెర దాకా: ప్రాథమిక తరగతిలో ఆట, సాంకేతికత, సంఖ్యాభ్యసనం

వ్యాససంగ్రహం:

ఆటల ద్వారా బోధన అన్న మాట నేడు విద్యా విధాన పత్రాలన్నిటిలోనూ కనిపిస్తున్నది. సాంకేతిక పరికరాలు ప్రాథమిక పాఠశాలల దాకా చేరుతున్నాయి. అయితే ఏ ఆట, ఎలా ఆడితే, పిల్లలకు ఏ సామర్థ్యం అలవడుతుందన్న వివేచన ఆ స్థాయిలో జరగడం లేదు. తెలుగువారి సంప్రదాయిక ఆటలలో ఉన్న గణితాంశాలను, సంఖ్యాపటాల ఆటలపై జరిగిన పరిశోధనలను, భారతదేశంలో కంప్యూటర్ ఆధారిత బోధనపై వెలువడిన అధ్యయనాలను కలిపి చూస్తూ, తరగతిలో ఆటను, తెరను ఎంచుకోవడానికి ఒక ప్రమాణాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంఖ్యాభ్యసనం, వైకుంఠపాళి, వామనగుంటలు, అష్టాచెమ్మా, సంఖ్యారేఖ, సాంకేతికత, ప్రాథమిక విద్య.

1. ఉపోద్ఘాతం:

పిల్లలకు ఆట సహజమనీ, ఆటతో చదువును ముడిపెట్టాలనీ చెప్పినవారు మనకు కొత్త కాదు. గిజూభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయన రచన ‘దివాస్వప్న’ ‘పగటికల’గా తెలుగు ఉపాధ్యాయులకు పరిచితమే. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇక ఇటీవలి సంగతి చూస్తే, జాతీయ విద్యావిధానం 2020, 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2023లో విడుదలైన ‘జాదూయీ పిటారా’ సామగ్రి, ఇవన్నీ ఆటను, ఆటవస్తువును బోధనాసాధనాలుగా గుర్తించాయి.

గుర్తింపుకు కొరత లేదు. కొరత ఉన్నది ఫలితంలో. గ్రామీణ ప్రాంతాల పిల్లలపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశంలో మూడో తరగతి చదువుతున్న పిల్లలలో తీసివేత లెక్క చేయగలిగినవారు 33.7 శాతం. 2022లో ఇది 25.9 శాతం. పెరుగుదల ఉన్నమాట నిజమే. అయినా మూడో తరగతిలో కూర్చున్న ముగ్గురిలో ఇద్దరికి రెండంకెల తీసివేత రాదన్నది కూడా అంతే నిజం. ఆ పిల్లలు నాలుగుకు, అయిదుకు పోతారు. పాఠం ముందుకు జరుగుతుంది, వాళ్లు అక్కడే ఉంటారు. అయిదో తరగతిలో భిన్నాలు చెప్పే ఉపాధ్యాయుడికి తరగతి మౌనంగా కనిపించడానికి కారణం భిన్నాలు కాకపోవచ్చు, మూడేళ్ల కిందటి తీసివేత కావచ్చు.

ఈ స్థితిలో ‘ఆటలు ఆడించండి’ అన్న సలహా ఒక్కటీ చాలదు. ఆటలో పిల్లవాడి నోరు ఏమంటున్నది, చేయి ఏం చేస్తున్నది, కన్ను ఏ అంకెను చూస్తున్నది అన్న ప్రశ్నలు వేసుకోవాలి. తెర విషయంలోనూ ఇవే ప్రశ్నలు.

2. మన ఆటలలోని లెక్క:

వామనగుంటల పీటకు ఇరువైపులా ఏడేసి చొప్పున పద్నాలుగు గుంటలు ఉంటాయి. చింతగింజలో గవ్వలో గుంటకు ఇన్నని పోసి ఆట మొదలుపెడతారు. ఈ సంఖ్య ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నాలుగేసి పోస్తే మొత్తం 56, అయిదేసి పోస్తే 70. ఒక గుంటలోని గింజలు తీసి తర్వాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి కొనసాగించాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలో ఉన్నవి ఆడినవారి సొంతం.

గణితబోధన పరిభాషలో ‘ఒకటికి ఒకటి పొంతన’ అన్న దానికి ఇంతకన్న మంచి సాధన లేదు. గుంటకు ఒక గింజ, ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఎదుటివారు ఊరుకోరు. ఆ దిద్దుబాటు ఉపాధ్యాయుడి నోటినుంచి కాక ఎదుటి ఆటగాడి నుంచి రావడం ఈ ఆటలో విశేషం. కొంత అలవాటయ్యాక పిల్లలు గింజలు తీయకముందే ఏ గుంట దగ్గర చేయి ఆగుతుందో చూపుతోనే అంచనా వేస్తారు. ఏడు గింజలున్న గుంట ఎదుటి వరుసలో ఎక్కడికి చేరుతుందో చెప్పగలిగిన అమ్మాయి కూడిక చేస్తున్నట్టే. ఆ మాట ఆమెకు తెలియకపోవచ్చు.

అచ్చనగాయలలో అయిదు రాళ్లు. ఒకటి పైకి ఎగరేస్తే నేలమీద నాలుగు మిగులుతాయి. ఆ నాలుగింటిని మొదట ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసిగా, ఆపైన మూడూ ఒకటిగా, చివరకు నాలుగూ ఒకేసారి ఏరుకోవాలి. నాలుగు అనే సంఖ్యను ఎన్ని విధాల విడదీయవచ్చో ఆ మెట్ల క్రమమే చూపిస్తుంది. మొదటి తరగతి పుస్తకంలో ‘సంఖ్యను విడదీయుట’ అన్న శీర్షిక కింద ఇచ్చే అభ్యాసం ఇదే.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తారు. ఒకటి వెల్లకిల పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. నలుగురి మధ్య గవ్వలు పడీపడగానే అంకె అరవాలి కాబట్టి పిల్లలు ఒక్కొక్కటి లెక్కించరు, చూపుతోనే ఎన్నో పట్టేస్తారు. చిన్న సంఖ్యలను లెక్కించకుండానే గుర్తించే ఈ శక్తి తర్వాతి సంఖ్యాజ్ఞానానికి పునాది అని గణితబోధన నిపుణులు చెబుతారు. ఒక పిల్లవాడు ఈ ఆటలో ‘అయిదు ఎందుకు పడదు?’ అని అడిగితే ఉపాధ్యాయుడు ఆ పూట పాఠం పక్కనపెట్టి ఆ ప్రశ్న వెంటే పోవచ్చు. నాలుగు గవ్వలతో ఎన్ని రకాల పందేలు పడతాయో రాయించడం నాలుగో తరగతికి చక్కని పని.

3. గడుల వరుసపై జరిగిన పరిశోధన:

పై మూడు ఆటలలోనూ లెక్క ఉంది. కాని అంకె లేదు. గుంటమీద సంఖ్య రాసి ఉండదు, అష్టాచెమ్మా గడిలోనూ ఉండదు. అంకె రాసి ఉన్న ఆట మనకు వైకుంఠపాళి. అందుకే ఈ రకమైన ఆటలపై జరిగిన పరిశోధనను కొంత వివరంగా చూడవలసి ఉంది.

అమెరికాలో మనస్తత్వశాస్త్రవేత్తలు రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ల పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేసి 2008లో ప్రచురించారు. ఒకే వరుసలో పది గడులు, వాటిలో 1 నుంచి 10 దాకా అంకెలు. తిప్పే ముల్లు ఒకటి గాని రెండు గాని చూపిస్తుంది. పిల్లవాడు తన బిళ్లను జరుపుతూ గడిలోని అంకెను పైకి చదవాలి. రెండు వారాల వ్యవధిలో నాలుగు విడతలు, విడతకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. మరో బృందానికి ఇదే ఆటను అంకెలకు బదులు రంగులతో ఇచ్చారు. అంకెల పటంతో ఆడినవారు అంకెలను గుర్తించడంలో, రెండు సంఖ్యలలో పెద్దది చెప్పడంలో, గీతమీద సంఖ్య స్థానాన్ని అంచనా వేయడంలో మెరుగయ్యారు. తొమ్మిది వారాల తర్వాత పరీక్షించినా ఆ మెరుగు నిలిచే ఉంది. రంగుల పటంతో ఆడినవారిలో అటువంటి మార్పు లేదు.

మరుసటి ఏడాది అదే పరిశోధకులు మరో సందేహం తీర్చుకున్నారు. అవే అంకెలను గుండ్రటి పటంమీద ఇస్తే ఏమవుతుంది? తిన్నని వరుసలో ఆడినవారికి వచ్చినంత లాభం గుండ్రటి పటంమీద ఆడినవారికి రాలేదు. గీతమీద ముందుకు జరిగేకొద్దీ సంఖ్య పెరుగుతుందన్న భావన, అంటే సంఖ్యారేఖ, పిల్లల మనసులో ఏర్పడటానికి ఆ తిన్నదనం తోడ్పడిందని వారి అభిప్రాయం. దీన్నిబట్టి చూస్తే అష్టాచెమ్మా చూపులెక్కకు ఎంత మంచిదైనా, గడులు చుట్టూ తిరిగి లోపలికి పోతాయి కాబట్టి సంఖ్యారేఖకు అది సరైన సాధనం కాదు. ఒక్కో ఆట ఒక్కో పనికి. ‘సంప్రదాయిక ఆటలన్నీ గణితం నేర్పుతాయి’ అన్న సాధారణ వాక్యం ఉపాధ్యాయుడికి ఉపయోగపడదు.

ఈ పరంపరలో తరగతికి అన్నిటికన్నా పనికివచ్చేది 2014లో ఎలైడా లాస్కి, సీగ్లర్ ప్రచురించిన అధ్యయనం. 0 నుంచి 100 దాకా ఉన్న పటంమీద కిండర్‌గార్టెన్ పిల్లలతో ఆడించారు. పటం ఒకటే, ఆట ఒకటే, లెక్కించే తీరు మాత్రం రెండు విధాలు. కొందరు 5లో ఉండి రెండు పడితే ‘ఒకటి, రెండు’ అంటూ జరిపారు. మరికొందరు ‘ఆరు, ఏడు’ అంటూ, గడిలోని సంఖ్యను పలుకుతూ జరిపారు. రెండో తీరున ఆడినవారే సంఖ్యలను గుర్తించడంలోనూ, సంఖ్యారేఖమీద అంచనా వేయడంలోనూ, ఉన్నచోటి నుంచి ముందుకు లెక్కించడంలోనూ ఎక్కువ ముందుకు వెళ్లారు.

మన ఇళ్లలో వైకుంఠపాళి ఎలా ఆడతామో గుర్తు చేసుకుంటే ఈ ఫలితం ప్రాముఖ్యం తెలుస్తుంది. నాలుగు పడితే ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని పావును టకటకా కొడుతూ పోతాం. గడిలో 28 ఉందో 82 ఉందో ఎవరూ చూడరు. చూసేది పాము ఉందా, నిచ్చెన ఉందా అని. అదే పిల్లవాడు 28 మీద ఉండి అయిదు పడినప్పుడు ‘ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు’ అంటూ జరిగితే, ఆ ఒక్క ఎత్తులోనే పదుల గడప దాటడం అనే కష్టమైన పని చేశాడు. ఆటలో మారినది ఒక్క పలుకు.

ఇవి ఆంగ్లం మాట్లాడే పిల్లలమీద జరిగిన ప్రయోగాలు కాబట్టి మనకు యథాతథంగా అన్వయించలేం. ఒక విషయంలో మాత్రం తెలుగు పిల్లలకు అనుకూలం ఉంది. ఇరవై దాటాక తెలుగు సంఖ్యల పేర్లు అంకెల వరుసనే అనుసరిస్తాయి. 26 ఎడమనుంచి కుడికి చూస్తే రెండు పదులు, ఆరు. పలికితే ‘ఇరవై ఆరు’. హిందీలో నూరు దాకా పేర్లను దాదాపు విడివిడిగా కంఠస్థం చేయవలసి ఉంటుంది. ఆంగ్లంలోనూ పదమూడు నుంచి పంతొమ్మిది దాకా ఒకట్ల పేరు ముందు, పది తర్వాత వస్తాయి. తెలుగులో చిక్కంతా పదకొండు నుంచి పంతొమ్మిది మధ్య రూపం మారిన పేర్లతోనే. ‘పన్నెండు’లో రెండు వినబడీ వినబడనట్టుంటుంది, ‘పంతొమ్మిది’లో పది కనబడదు. ఉభయ రాష్ట్రాలలో ఆంగ్లమాధ్యమం విస్తరించి, ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చిన నేపథ్యంలో, పటంమీద మొదటి కొన్ని వారాలు తెలుగు పేర్లతోనే ఆడించి తర్వాత ఆంగ్ల నామాలకు మారడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. స్థానవిలువను చెవి ముందే పట్టుకుంటే, మరో భాషలో పేర్లు నేర్చుకోవడం పేర్లు నేర్చుకోవడమే అవుతుంది.

పటం గీయడంలో ఒక పొరపాటు కూడా చెప్పాలి. ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి పిల్లల కోసం ఈ వ్యాసకర్త ఫ్లెక్సీమీద నూరు గడుల పటం వేయించినప్పుడు, అలవాటైన వైకుంఠపాళి పద్ధతిలోనే గడులు వంకరటింకరగా సాగాయి. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు. 10 పైన 11 వచ్చింది, 3 పైన 18 వచ్చింది. పిల్లలు 13కు బదులు 18 అన్నచోటల్లా అది వాళ్ల తప్పనుకున్నాను. తప్పు పటానిది. ప్రతి వరుసా ఎడమ నుంచి కుడికే సాగితే 3, 13, 23, 33 ఒకే నిలువులో నిలుస్తాయి, పది కలపడమంటే ఒక గడి పైకి ఎక్కడమే అవుతుంది. రెండో ఫ్లెక్సీ అలా వేయించాక ఆ గందరగోళం పోయింది. పాతది పారేయలేదు. వంకర పటంలో మొదటి రెండు వరుసలలో ఏ నిలువునైనా కూడితే 21 వస్తుంది. 3, 18 కలిపినా 21, 7, 14 కలిపినా 21. ఎందుకలా వస్తుందో తేల్చమని అయిదో తరగతికి ఇస్తే ఒక పీరియడు సరిపోదు.

4. ఆటలో వచ్చిన లెక్క పలకమీదికి వస్తుందా?

ఇంతవరకు చూసినది ఆటకు అనుకూలమైన సాక్ష్యం. ప్రతికూల సాక్ష్యం కూడా ఉంది, అది మన దేశంలోనిదే. మోయిరా డిల్లన్, ఎస్తర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే పూర్వప్రాథమిక కేంద్రాలలో జరిపిన అధ్యయనం 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చుక్కల గుంపులను పోల్చడం, ఆకారాలను వేరుచేయడం వంటి గణితక్రీడలు కొన్ని నెలలపాటు ఆడించారు. ఆ సహజ సామర్థ్యాలు పెరిగాయి, ఏడాది దాటినా నిలిచాయి. కాని ఆ పిల్లలు బడిలో చేరి అంకెలతో, గుర్తులతో కూడిన గణితం నేర్చుకునేటప్పుడు ఆ లాభం కనిపించలేదు.

2025లో ‘నేచర్’లో వెలువడిన మరో అధ్యయనం దీనికి తోడుగా చదవదగినది. అభిజిత్ బెనర్జీ, డఫ్లో, స్పెల్కీ మరికొందరు పరిశోధకులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరిశీలించారు. కూరగాయల తూకం, ధర, చిల్లర ఇవన్నీ కాగితం లేకుండా క్షణాలలో కట్టే పిల్లలు అవే లెక్కలను బడి రూపంలో రాసి ఇస్తే తడబడ్డారు. మార్కెట్ అనుభవం లేని బడిపిల్లలకు రాత లెక్క వచ్చింది, బేరం లెక్క రాలేదు.

మన ఊళ్లలో సంతకు పోయే పిల్లలను ఎరిగినవారికి ఇది వింతగా అనిపించదు. అంగట్లో తండ్రి పక్కన కూర్చుని వందనోటుకు చిల్లర సరిగా ఇచ్చే పిల్లవాడు బడిలో 100 నుంచి 63 తీసివేయమంటే నోరు మెదపడు. వాడికి తీసివేత రాదని రిజిస్టరులో చేరుతుంది.

కనుక ఆట గణితాన్ని దానంతటది బడికి మోసుకురాదు. ఆ మోత ఉపాధ్యాయుడే చేయించాలి. వైకుంఠపాళిలో 47 దగ్గర పాము మింగి 26కు దించితే, ‘ఎన్ని గడులు దిగావు?’ అని అక్కడే అడగాలి. పిల్లవాడు వేలు పెట్టి లెక్కించినా, పదులు రెండు, ఒకట్లు ఒకటి అని చూసి చెప్పినా సరే, చెప్పాక పలకమీద 47 - 26 = 21 అని రాయించాలి. నిచ్చెన 8 నుంచి 31కి ఎక్కిస్తే 8 + 23 = 31. ఆట ఆగుతుందని పిల్లలు విసుక్కుంటారు. అందుకని ప్రతి ఎత్తుకూ రాయించనక్కరలేదు. పాముకు, నిచ్చెనకు చాలు. పాము మింగిన బాధలో ఉన్నవాడికి ఆ తీసివేత గుర్తుండిపోతుంది.

5. తెర ఎక్కడ సాయం, ఎక్కడ అడ్డు:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో ఐఎఫ్‌పీ ప్యానళ్లు, ప్రాథమిక పాఠశాలలలో స్మార్ట్ టీవీలు 2023 నుంచి అమరుతూ వచ్చాయి. 2017లో మొదలైన దీక్షా వేదిక ద్వారా పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్ వెనక వీడియోలు, అభ్యాసాలు ఉన్నాయి. అన్నిటికీ మించి ఉపాధ్యాయుడి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది. పరికరం ఉందా లేదా అన్నది ఇప్పుడు పాతబడిన చర్చ.

పరికరం ఏ పనికి అన్నదానిపై గుజరాత్‌లో జరిగిన రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూడాలి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలపాటు, ఒక్కో కంప్యూటరు దగ్గర ఇద్దరేసి కూర్చుని గణితక్రీడలు ఆడే అవకాశం ఇచ్చారు. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, డఫ్లో, లీ లిండెన్ 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండో ఏడాదిలో గణిత మార్కులు 0.47 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి. విద్యారంగంలో ఇది పెద్ద ప్రభావం. కార్యక్రమం ఆగిన ఏడాది తర్వాత అందులో చాలా భాగం కరిగిపోయిందని కూడా ఆ వ్యాసమే చెబుతుంది.

రెండోది లిండెన్ ఒక్కరే చేసినది. జ్ఞాన్‌శాల సంస్థ తరగతులలో ఇటువంటి కంప్యూటరు అభ్యాసాన్నే రెండు విధాల అమర్చారు. బడి సమయంలో, ఉపాధ్యాయుల బోధనకు బదులుగా పెట్టినచోట పిల్లల ఫలితాలు పడిపోయాయి. బడి సమయానికి అదనంగా పెట్టినచోట పెరిగాయి. ఒకే కార్యక్రమం ఉపాధ్యాయుడి పక్కన నిలిస్తే లాభం, అతని కుర్చీలో కూర్చుంటే నష్టం.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమంపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రాథమిక తరగతులది కాదు, ప్రాథమికోన్నత స్థాయిది. అయినా ఇక్కడ ప్రస్తావించవలసి ఉంది. బడి తర్వాత నాలుగున్నర నెలల కాలంలో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించింది. ఆ సాఫ్ట్‌వేరు ప్రతి పిల్లవాడిని అతను ఉన్న మెట్టు మీదనే పలకరిస్తుంది. ఆరో తరగతి వాడికి మూడో తరగతి లెక్క అవసరమైతే అదే ఇస్తుంది. నలభైమంది ఉన్న గదిలో ఒక్క ఉపాధ్యాయుడు ఈ పని రోజూ చేయలేడు. తెర చేయగలిగిన అసలు మేలు ఇది. దానికి మాత్రం పిల్లవాడికి ఒక పరికరం, ప్రశ్నకు తగిన ప్రశ్న వేసే కార్యక్రమం ఉండాలి. గోడమీది టీవీలో అందరికీ ఒకే వీడియో వేస్తే ఆ మేలు రాదు.

ఇక అడ్డు ఎక్కడంటే, వైకుంఠపాళి యాప్‌లో. తెరమీద నొక్కితే పాచిక తిరుగుతుంది, బిళ్ల తానే గడులు దాటుకుంటూ పోతుంది, పాము తానే మింగుతుంది. రంగులూ సంగీతమూ బాగుంటాయి. పిల్లలు కేరింతలు కొడతారు. పిల్లవాడు ఆ ఆటలో చేసింది వేలితో నొక్కడం మాత్రమే. లెక్క యంత్రం చేసింది. లాస్కి, సీగ్లర్ ఏ పలుకులో లాభం ఉందని చూపారో సరిగ్గా ఆ పలుకునే యాప్ తీసివేసింది. వామనగుంటల యాప్‌లలోనూ ఇంతే. గింజలు వాటంతటవే పడతాయి, తప్పు పడే వీలే ఉండదు, తప్పు పట్టే ఎదుటి చేయీ ఉండదు.

కాబట్టి ఉపాధ్యాయుడు ఏ ఆటనైనా, ఏ యాప్‌నైనా తరగతిలోకి తేకముందు ఒక ప్రశ్న వేసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదన: ఇందులో లెక్క ఎవరు చేస్తున్నారు? పిల్లవాడు చేస్తుంటే అది కాగితమైనా తెరైనా పనికివస్తుంది. అదే వైకుంఠపాళిని గోడమీది తెరపై కదలని బొమ్మగా చూపి, పాచికను నేలమీద వేయించి, జరగవలసిన గడుల పేర్లు తరగతి అంతా పలికాకనే బిళ్లను జరిపితే తెరకు ఏ దోషమూ లేదు. అక్కడ అది పెద్ద ఫ్లెక్సీ.

6. చెవిగా ఫోను:

భాషాభ్యసనం ఈ వ్యాసపరిధి కాకపోయినా, సంఖ్యల పేర్లు భాషే కాబట్టి ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, సవర, కువి, గోండి వంటి ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషాధారిత బోధన మొదలైంది. ఆ ప్రాంతాల బడులకు వెళ్లే ఉపాధ్యాయుడికి ఆ భాష రాకపోవడం సాధారణం. అక్కడి పెద్దవారి చేత సంఖ్యల పేర్లు, లెక్కల పాటలు ఫోనులో పలికించి తరగతిలో వినిపిస్తే, పిల్లలు తమ ఇంటి పేర్లతోనే పటంమీద కదలవచ్చు. వేల రూపాయల తెర చేయలేని పని ఇది.

ఫోనుకు మరో ఉపయోగం ఉంది. నెల మొదట్లో ఒక్కో పిల్లవాడు 28 నుంచి మొదలుపెట్టి పలికేది ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి, నెలాఖరున మళ్లీ చేయాలి. రెండూ వింటే ఎక్కడ ఆగుతున్నాడో తెలుస్తుంది. ముప్పై తొమ్మిది తర్వాత ఆగితే పదుల పేర్లు రాలేదు. ఇరవై ఎనిమిది అని మొదలుపెట్టలేక మళ్లీ ఒకటి నుంచి వస్తే ముందుకు లెక్కించడం రాలేదు. పరీక్ష కాగితం ఈ తేడా చెప్పదు. ఆ గొంతులు ఉపాధ్యాయుడి దగ్గరే ఉండాలి గాని వాట్సాప్ గ్రూపులలోకి పోకూడదు. ప్రతి కార్యక్రమానికీ ఫొటో తీసి పంపే అలవాటు ఎంత బలపడిందంటే, ఆట మధ్యలో పిల్లలు పాచికను వదిలి ఫోనువైపు చూసి నవ్వడం నేర్చుకున్నారు.

7. తరగతిలో అమలు:

ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను ఒకే గదిలో చూసే బడులు ఉభయ రాష్ట్రాలలోనూ చాలా ఉన్నాయి. ఆట ఆడించడానికి సమయం ఎక్కడిదన్న ప్రశ్న అక్కడినుంచే వస్తుంది, సబబైన ప్రశ్నే. నిజానికి ఆ బడులలోనే పటం ఎక్కువ ఆదుకుంటుంది. మూడో తరగతివారు నలుగురేసి పటం చుట్టూ కూర్చుంటే, ఉపాధ్యాయుడు ఆ ఇరవై నిమిషాలూ ఒకటో తరగతికి ఇవ్వగలడు. వారానికి మూడు రోజులు చాలు.

ముందుగా కుదుర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బిళ్లను దాని ఆటగాడే జరపాలి. గడిలోని సంఖ్యను పైకి పలికాకనే వేలు ముందుకు పోవాలి, పలకకపోతే ఆ ఎత్తు చెల్లదు. ఈ నియమాన్ని పిల్లలకు అప్పగిస్తే ఉపాధ్యాయుడికన్నా కఠినంగా అమలు చేస్తారు. పలకలు పక్కనే ఉండాలి. పాచికలు దొరకనిచోట గవ్వలు, చింతగింజల పిక్కలు సరిపోతాయి. చింతపిక్కను ఒకవైపు అరగదీసి తెల్లగా చేస్తే అది గవ్వలాగే పడుతుంది. మొదటి వారం పాములు, నిచ్చెనలు లేని పటంతో ఆడించి, సంఖ్యల పలుకు కుదిరాక వాటిని సుద్దముక్కతో గీయడం మంచిది. ఏ గడినుంచి ఏ గడికి పాము వేయాలో నాలుగో తరగతి వారినే నిర్ణయించమంటే వాళ్లకూ తీసివేత అభ్యాసమవుతుంది.

అన్ని గుంపులలోనూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చురుకైన పిల్ల ఒకతె అందరి తరఫునా లెక్క చెప్పేస్తుంటుంది. ఎదుటివాడు ‘ముప్పై...’ అని ఆగేసరికి ‘ముప్పై నాలుగు’ అని అందిస్తుంది. దాన్ని సాయమనుకొని మెచ్చుకుంటే, ఆ పక్కన కూర్చున్నవాడికి యాప్‌లో బిళ్ల తానే జరిగినట్టే. ఆ అమ్మాయిని కోప్పడనక్కరలేదు. ఆమెకు వేరే పని ఇవ్వవచ్చు: ఒక్కొక్కరు ఏ సంఖ్య దగ్గర ఆగిపోయారో పలకమీద రాసి పీరియడు చివర ఉపాధ్యాయుడికి చూపించాలి, ఆగినవాడికి మాత్రం పది లెక్కపెట్టేదాకా చెప్పకూడదు. ఆమె రాసిన ఆ నాలుగైదు అంకెలే ఉపాధ్యాయుడి మరుసటి రోజు పాఠం.